రేకు చొక్కా

ఆ ఏడు ఎండలు ముదరకముందే నా భార్య, ఆమె కూతురు తమ సామానంతా లారీలో వేసుకుని నా ఇంటికి వచ్చేశారు. ఇల్లంటే పెద్దదేమీ కాదు. కింద వీధివైపు నా టైలరింగ్ షాపు, పైన రెండు గదులు, ఓ వంటిల్లు. తల నెరిశాక చేసుకున్న పెళ్ళి నాది. ఆమెకు రెండోది. మొదటి భర్త జబ్బుచేసి పోయాక, పోస్టాఫీసు ఉద్యోగంతో కూతుర్ని ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. అమ్మాయి అప్పుడే స్కూలు చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తోంది.

లారీ దారిలో ఎక్కడో ఉన్నపళంగా ఆగడంతో బీరువా ఒరిగి కంప్యూటర్ మీద పడిందట. దాని రేకు డబ్బా కాలికింద పడ్డ అగ్గిపెట్టెలా నలిగిపోయింది. సామాను దించే మనిషి దాన్ని చూసి, "ఇదింక పాత ఇనుముకే సార్" అన్నాడు. అమ్మాయి అతని చేతిలోంచి దాన్ని లాక్కున్నంత పనిచేసింది. షాపు మెట్టు మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో డబ్బాని ఒలిచింది. లోపలి భాగాలు ఒక్కొక్కటే తీసి పాత దుప్పటి మీద పేర్చింది. సాయంత్రానికి అన్నిటినీ వైర్లతో కలిపి మీట నొక్కితే తెర వెలిగింది. ఆ పిల్ల ముఖమూ వెలిగింది.

"వాళ్ళ నాన్న ఒక్కో భాగం వెతికి కొని బిగించాడు దాన్ని. ఇది పక్కన కూర్చుని స్క్రూలు అందించేది," అంది నా భార్య, నా పక్కకొచ్చి మెల్లగా.

పైన చోటు లేక, షాపులో కిటికీ పక్కన, నా కత్తిరింపుల బల్ల చివర ఆ కంప్యూటర్‌కి జాగా ఇచ్చాను. డబ్బా లేదు కాబట్టి దాని పేగులన్నీ బయటే. చెప్పుల అట్టపెట్టె మీద బోర్డు, దాని మీద గిరగిరా తిరిగే చిన్న ఫ్యాను, పక్కనే నా సుద్దముక్కలు, గుండీల సీసాలు. అమ్మాయి రోజంతా అక్కడే కూర్చుని కుర్చీలు, దీపాలు, అలమరలు గీసేది. వస్తువుల నమూనాలు గీసే చదువు చదవాలని ఆమె కోరిక. ఆ చదువు మా ఊళ్ళోనూ ఉంది, వాళ్ళ నానమ్మ ఉండే ఊళ్ళోనూ ఉంది. పెళ్ళికి ముందే అనుకున్న మాట ప్రకారం సెలవులు మాత్రం ఇక్కడ, చదువు నానమ్మ దగ్గర. ఫలితాలు రాగానే నానమ్మ వచ్చి తీసుకుపోతుంది.

అమ్మాయి నాతో మర్యాదగానే ఉండేది. కానీ నన్ను ఏమనీ పిలిచేది కాదు. "మీరు" అనదు, "నువ్వు" అనదు. మన భాషలో ఆ రెంటినీ తప్పించుకుని మాట్లాడాలంటే చాలా నేర్పు కావాలి. "అమ్మ భోజనానికి రమ్మంటోంది." "కత్తెర కావాలి, కాసేపు." "షట్టరు వేసెయ్యాలా?" నేను లేనిచోట నా ప్రస్తావన వస్తే "షాపులో" అనేదట. "షాపులో అడిగాను, సరే అన్నారు" అన్నట్టు. నా భార్య ఇది చెప్పి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. నేనే నవ్వేశాను. మనిషి కొత్త, ఇల్లు కొత్త. నోరు తిరగడానికి టైము పట్టదా మరి!

ఒకరోజు మధ్యాహ్నం అమ్మాయి శ్రద్ధగా గీస్తుండగానే కంప్యూటర్ ఠప్పున ఆగిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆగింది. నా మిషను తుడుచుకునే బ్రష్షు తీసుకుని ఫ్యాను దులపసాగింది. నేను వంగి చూశాను. ఆ పొద్దున నేను కత్తిరించింది నీలం ఉన్ని గుడ్డ. ఫ్యాను రెక్కల సందుల్లో పేరుకుపోయింది నీలం పీచు. దాని ఊపిరి ఆపుతున్నది నా పనే అని అర్థమయ్యేసరికి నాకు మనసు చివుక్కుమంది.

"కొత్త డబ్బా కొనుక్కొద్దాం పదమ్మా," అన్నాను.

"కొన్నవి ఈ మూలలో పట్టవు. అయినా వాటన్నిటికీ పెద్ద పెద్ద కన్నాలు. ఈ పీచంతా లోపలికే పోతుంది."

"మరెలా?"

"చెయ్యాలి."

"ఎవరు?"

ఆమె తెర మీద ఓ బొమ్మ తెరిచింది. పొడుగ్గా, సన్నగా, పుస్తకంలా ఉన్న ఒక పెట్టె. ఎన్నాళ్ళ నుంచి గీస్తోందో, అన్ని వైపుల నుంచీ తిప్పి చూపించింది. "అల్యూమినియం రేకుతో. వంచి, రివెట్లు కొట్టి."

నాకు రేకు పని తెలియదు. కానీ ఆ బొమ్మలో పెట్టెని విప్పి పరిచినట్టు ఒక పక్కన గీసిన ఆకారం ఉంది చూశారూ, అది నాకు తెలిసిన భాష. ముందు భాగం, వీపు, రెండు పక్కలు, మడతలు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

"అంటే, దీనికి చొక్కా కుట్టాలన్నమాట," అన్నాను.

ఆమె నా వైపు చూసి సగం నవ్వింది. మిగతా సగం ఎందుకో దాచుకుంది.

మర్నాటి నుంచి మా పని మొదలైంది. నా లెక్కలో ఏదైనా కాగితంతోనే మొదలవ్వాలి. ఖాకీ కాగితం బల్ల మీద పరిచి, మెడలో టేపు తీసి కొలవబోతే, ఆమె చిన్న ఉక్కు స్కేలు చేతికిచ్చింది. టేపు సాగుతుందట! నా టేపుని అంత మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఉక్రోషం మింగేసి స్కేలుతోనే కొలిచాను. కాగితం మీదిది అట్ట మీదికి ఎక్కించి, కత్తిరించి, మడిచి, జిగురు టేపుతో అతికించి పెట్టె చేశాం. మొదటిదాంట్లో కరెంటిచ్చే డబ్బా పట్టలేదు. రెండోదాంట్లో అన్నీ పట్టాయి గానీ వైర్లు వంగడానికి చోటు లేదు.

"చేతికి మోచెయ్యి ఉన్నట్టే వైరుకీ ఉంటుంది. అక్కడ కొంచెం వదులు ఇవ్వకపోతే పట్టేస్తుంది," అన్నాను.

"అయితే లావైపోతుంది కదా."

"ఇంత సన్నంగానే ఉండాలా?"

ఆమె ఆ అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. మోకాళ్ళ మీద అటూ ఇటూ జరిపి చూసింది. "బస్సులో ఒళ్ళో పట్టాలి," అంది.

నానమ్మ ఊరికి వెళ్ళే బస్సు. నాకు తెలియనిదేమీ కాదు. అయినా ఆ పిల్ల పెట్టెని ఒళ్ళో పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే, బస్సు అప్పుడే కదిలిపోతున్నట్టు అనిపించింది. "పడుతుందిలే, పట్టేలాగే చేద్దాం," అని కత్తెర తీసుకున్నాను.

సాయంత్రం నా భార్య పనినుంచి వచ్చి, బల్ల మీదా కిందా ఉన్న అట్టపెట్టెల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "పార్సిళ్ళ నుంచి తప్పించుకుని ఇంటికొస్తే ఇక్కడా పార్సిళ్ళేనా!" అంది. ఆ పూట భోజనాల దగ్గర మేమిద్దరం వైర్ల వదులు గురించి వాదించుకుంటుంటే ఆమె అన్నం కలుపుతూ ఒకసారి నన్నూ, ఒకసారి కూతుర్నీ చూస్తూ కూర్చుంది. కూర మాడిందని కూడా మేం గమనించలేదని తర్వాత తనే చెప్పింది.

రేకు వంచాలంటే చేతులతో అయ్యేది కాదు. మా వీధి చివర పొగగొట్టాలు చేసే షాపు ఉంది. దాని యజమాని హోటళ్ళ వంటశాలలకు పెద్ద పెద్ద రేకు గొట్టాలు చేస్తాడు కాబట్టి అతన్ని అందరూ గొట్టాలాయన అనేవారు. జీవితమంతా ఆ డబడబల మధ్య గడిపి చెవులు దాదాపు పోగొట్టుకున్నాడు. అతనితో మాట్లాడాలంటే వీధి మొత్తానికి చెప్పినట్టు చెప్పాలి.

"కంప్యూటర్‌కి పెట్టె!" అని అరిచాను నేను.

"ఎవరికి పెళ్ళి?" అని అరిచాడు అతను.

అమ్మాయి అట్ట నమూనా చూపించాక విషయం తెలిసి, తెగ సంబరపడ్డాడు. పుట్టినప్పటి నుంచి గుండ్రటివే చేస్తున్నానని, నలుచదరంది చూసి కళ్ళు చల్లబడ్డాయని అన్నాడు. సెలవురోజున షాపు మాకు వదిలేస్తాననీ, వంపు యంత్రం దగ్గర మాత్రం తానుంటాననీ చెప్పాడు.

ఆ సెలవురోజు పొద్దున్నే రేకు కొనుక్కుని వెళ్ళాం. గుడ్డ మీద సుద్దతో గీసినట్టే రేకు మీద సూదిమొనతో గీశాను. గొట్టాలాయన కత్తెర నా కత్తెరకి పెద్దన్నయ్య. కోసేటప్పుడు రేకు మూలిగింది. వంపు యంత్రం అంటే పొడుగాటి ఇనప దవడ. రేకుని అందులో పెట్టి, కాలితో తొక్కితే పై దవడ దిగి పట్టేసుకుంటుంది. అప్పుడు ముందున్న రెక్కని పైకెత్తితే రేకు కాగితంలా మడుచుకుంటుంది. మొదటి మడత తిరిగి నిలబడగానే మేమిద్దరం ఒకేసారి "అబ్బ!" అన్నాం.

మధ్యాహ్నానికి అడుగుపెట్టె తయారైంది, పైమూతా తయారైంది. మూత ఎక్కించబోతే ఎక్కలేదు. నొక్కాం, ఏటవాలుగా తోశాం, గొట్టాలాయన చెక్క సుత్తితో తట్టాడు. ఒక మూల వంకరపోయింది గానీ మూత మాత్రం దిగలేదు.

"ఇక్కడ గీత తప్పు పడింది," అంది అమ్మాయి.

"నీ బొమ్మలో ఉన్నట్టే గీశానమ్మా."

"బొమ్మలో తప్పు లేదు."

"నా గీతలో కూడా లేదు."

గొట్టాలాయన మా ఇద్దరి పెదవులూ చూసి ఏమర్థం చేసుకున్నాడో, టీ తెస్తానని బయటికి జారుకున్నాడు. మేం కూడా ఆ వంకర మూతని సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాం. దారంతా ఇద్దరి మధ్యా ఒక సైకిలు పట్టేంత దూరం.

ఆమె నేరుగా పైకి వెళ్ళిపోయింది. నేను షాపులో కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నాను. మెట్ల తలుపు తీసే ఉంది. పైనుంచి మాటలు వినిపించాయి.

"నాన్నయితే సరిగ్గా కొలిచేవాడు," అంటోంది అమ్మాయి.

సూది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. పోయినవాడితో పోటీ ఏమిటని నాకు నేను ఎప్పుడో చెప్పుకున్నాను. చెప్పుకున్నంత మాత్రాన అయిపోతుందా?

 పైనుంచి నా భార్య గొంతు. "మీ నాన్నా? మీ నాన్న కొలిచి కొట్టిన షెల్ఫు మీద పుస్తకాలు ఏనాడైనా నిలబడ్డాయటే? అన్నీ జారి మంచం మీద పడేవి."

"అమ్మా!"

"నిజం కాదూ? అది వంకర కాదు, కావాలనే వాలుగా పెట్టానని దబాయించేవాడు కదా!"

 ఆ తర్వాత అమ్మాయి నవ్వు. మొదట ఆపుకోబోయి, ఆపుకోలేక, కడుపు పట్టుకుని నవ్వుతున్న నవ్వు. తల్లి కూడా కలిసింది. ఆ నవ్వులో చివర కొంచెం ఏడుపు కూడా ఉందేమో, కింద ఉన్న నాకు తెలియలేదు. ఆయన గురించి వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం నేను వినడం అదే మొదటిసారి. సూదిలో దారం ఎక్కించుకుని, అంచు పూర్తి చేశాను.

పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి అమ్మాయి అప్పటికే బల్ల దగ్గర ఉంది. ముందు వంకర మూత, చేతిలో స్కేలు.

"తప్పు బొమ్మలోనే ఉంది," అంది తలెత్తకుండా. "నేను రేకుని గీతలాగా గీశాను. గీతకి మందం ఉండదు కదా. రేకుకి ఉంది. వంచిన ప్రతిచోటా అది కొంచెం బయటికి పెరిగింది. అడుగుపెట్టె అనుకున్నదానికంటే లావైపోయింది."

నేను మూత అందుకుని తిప్పి చూశాను. "నాదీ తప్పే. ఎంత మందం ఉన్నా సరిగ్గా ఒంటికొలతకే చొక్కా కత్తిరించేవాడు టైలరవుతాడా? ఒంటికొలత వేరు, చొక్కా కొలత వేరు. తొడుక్కోవడానికి వదులు ఇవ్వాలి. రేకు అనేసరికి ఉన్న తెలివి కూడా పోయింది నాకు."

"ఎంత వదులు?"

"గుడ్డకైతే చెబుతాను. దీనికి నువ్వే చెప్పాలి."

ఇద్దరం కూర్చుని మూత ఒక్కటీ మళ్ళీ గీశాం. ఆమె మందం లెక్క కట్టింది, నేను వదులు కలిపాను. అట్ట ముక్కలు రెండు మూడు వంచి, చాలదని, పాత నూనెడబ్బా రేకు కోసి వంచి చూసుకున్నాం. కోటు కోసం వచ్చిన ఒకాయన మా ఇద్దర్నీ చూసి, "షాపు మార్చేశారా మాస్టారూ?" అని అడిగాడు. "లేదండీ, కంప్యూటర్లకీ కుడుతున్నాం," అంది అమ్మాయి నాకంటే ముందే.

తర్వాతి సెలవురోజున మళ్ళీ గొట్టాలాయన షాపు. కొత్త రేకు దవడలో పెట్టి, గీత సరిగ్గా అంచు మీదికి వచ్చిందా లేదా అని నేను చెయ్యి లోపల పెట్టి సర్దుతున్నాను. అమ్మాయి రెండో చివర పట్టుకుని ఉంది. "కొంచెం ఆగండి!" అన్నాను గొట్టాలాయనతో. అతనికి అది "కానివ్వండి" అని వినిపించింది కాబోలు, కాలెత్తి తొక్కబోయాడు.

"చెయ్యి తియ్! నీ చెయ్యి తియ్!"

ఆ అరుపుకి చెవిటి మనిషి కూడా గడ్డకట్టినట్టు ఆగిపోయాడు. నేను చెయ్యి లాగేసుకున్నాను. వేళ్ళన్నీ ఉన్నాయి. చిటికెన వేలు పక్క కొంచెం గీరుకుపోయింది, అంతే. అమ్మాయి మాత్రం ముఖం పాలిపోయి రేకు వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"చూసుకోవద్దా నువ్వు? చెయ్యి లోపల పెట్టి మాట్లాడతావేంటి? ఈ వేళ్ళు పోతే ఏం కుడతావ్?"

ఆమె నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. తానేమన్నదీ ఆమె గమనించలేదు. నేను కూడా గమనించనట్టే, "ఏం కాలేదమ్మా, పట్టుకో, గీత జరిగిపోతుంది," అన్నాను.  గొట్టాలాయన చెమట తుడుచుకుంటూ, "మీ అమ్మాయి గొంతు గట్టిదే మాస్టారూ! ఇన్నేళ్ళకి నాకు మొదటిసారి స్పష్టంగా వినపడింది!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల నన్ను నువ్వనే అంది. ఎప్పుడు మొదలైందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మూత ఈసారి మెత్తగా, చొక్కాలో చెయ్యి దూరినట్టు దిగింది.

ఇక మిగిలింది నాకిష్టమైన పని. గాలి ఆడడానికి ముందుభాగం నిండా చిన్న చిన్న కన్నాలు పెట్టాలి. అన్నిటికీ సమానదూరంలో గుర్తులు ఎలా అని ఆమె తల పట్టుకుంటే, నా బల్ల సొరుగులోంచి పళ్ళచక్రం తీశాను. కాగితం మీది గీతల్ని గుడ్డ మీదికి చుక్కలుగా దించే చిన్న చక్రం అది. స్కేలు ఆనించి రేకు మీద గట్టిగా దొర్లిస్తే చుక్కలు వరుసగా పడ్డాయి. "ఇది ముందే ఎందుకు చూపించలేదు?" అని దెబ్బలాడింది. రెండు చుక్కలకొకటి చొప్పున తానే డ్రిల్లు పట్టుకుని తొలిచింది. నేను ఆకురాయితో అంచులు రాశాను. పట్టుకుంటే చెయ్యి తెగేలా ఉన్న అంచు, రాసేకొద్దీ నున్నబడింది. బోర్డు నిలబడడానికి ఇత్తడి స్తంభాలు బిగించాం. మూలలకు రివెట్లు కొట్టాం. టక్, టక్ అని ఒక్కో రివెట్టూ పడుతుంటే అచ్చం ప్రెస్ బటన్లు కొడుతున్నట్టే అనిపించింది.

పీచు సంగతి మాత్రం నేను చూసుకుంటానని ఒప్పుకున్నాను. సన్నటి వల గుడ్డని రెండు పొరలుగా, చుట్టూ అంచు కుట్టి, లోపల కన్నాల వెనక ప్రెస్ బటన్లతో అతుక్కునేలా చేశాను. మురికి పడితే తీసి ఉతుక్కోవచ్చు. నా చేతి కుట్లలో అంత చిన్నగా, అంత జాగ్రత్తగా వేసినవి ఎక్కువ లేవు.

ఈలోగా ఫలితాలు వచ్చాయి. అమ్మాయి మంచి మార్కులతో పాసైంది. నానమ్మ ఫోన్ చేసి, ఫలానా రోజు వస్తున్నాను, సామాను సర్దుకో అని చెప్పింది. అమ్మాయి "ఊ" అంది. నా భార్య ఆ సాయంత్రం ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెడుతూ కూర్చుంది.

పెట్టెలో భాగాలన్నీ అమర్చింది ఓ ఆదివారం పొద్దున. మూత దించి మీట నొక్కితే, మొదట ఏమీ వినపడలేదు. చెవి దగ్గర పెట్టి వింటే లోపల ఫ్యాను మెల్లగా, నిద్రపోతున్న పిల్లి గురకలా తిరుగుతోంది. నా భార్య చప్పట్లు కొట్టింది. అమ్మాయి పెట్టెని రెండు చేతులా ఎత్తి, కిటికీ పక్కన గోడకి ఆనించి పట్టుకుంది.

"ఇక్కడ," అంది.

"బల్ల మీద పెట్టవా?"

"బల్ల మీద నీ గుడ్డలకి అడ్డం. గోడకి బిగిద్దాం. నువ్వు పట్టుకో, నేను గుర్తు పెడతాను."

పెట్టె వీపున స్క్రూల కోసం ఏ కన్నాలూ లేవు. అది బస్సులో ఒళ్ళో పట్టడానికి చేసింది. "గోడకి బిగించాలంటే వీపుకి పట్టీలు రివెట్ కొట్టాలమ్మా. గోడకి కన్నాలు పొడవాలి. మళ్ళీ ఊడదియ్యాలంటే చాలా కష్టం," అన్నాను.

"ఊడదియ్యడం ఎందుకు?" అంది, పెన్సిల్ నోట్లోంచి తీసి గోడ మీద గుర్తు పెడుతూ.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె గబగబా కిటికీ వైపు తిరిగి, అక్కడ లేని దుమ్ము తుడుస్తోంది. నేను వెళ్ళి డ్రిల్లు తెచ్చాను.

నానమ్మ చెప్పిన రోజునే దిగింది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంటినిండా పిల్లల్ని పోగేసుకుని పాఠాలు చెబుతుంది. నడకలోనే బెల్లు కొట్టినట్టు ఉంటుంది. నాకు మాత్రం ఆవిణ్ణి చూడగానే కొత్త చిక్కు వచ్చిపడింది. ఏమని పిలవాలి? మన భాషలో ప్రతి చుట్టరికానికీ ఒక పేరుంది గానీ, భార్య మొదటి అత్తగారికి మాత్రం ఎవరూ పెట్టలేదు. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" "కాఫీ తీసుకుంటారా?" అంటూ పిలుపు లేకుండా నెట్టుకొచ్చాను. అమ్మాయి నా అవస్థ చూసి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది.

"ఇదేనా మీరు చేసింది?" అని ఆవిడ పెట్టె ముందు నిలబడి, వేలితో టక్‌టక్‌మని కొట్టి చూసింది. అమ్మాయి మూత తీసింది. "ఈ గుడ్డేమిటి?"

"పీచు లోపలికి పోకుండా నానమ్మా."

"ఉతకొచ్చా?"

"ఉతకొచ్చండీ," అన్నాను.

"అయితే మంచిదే." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని లోపలికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. "వాడి బోర్డేనా ఇది?"

"అదే. లోపలివన్నీ నాన్నవే. పై చొక్కా ఒక్కటే కొత్తది."

ఆవిడ మెల్లగా నిటారుగా లేచింది. "మరి దీన్ని గోడకి కొట్టేశారేం? బస్సులోకి గోడని కూడా తెస్తావా?" అంది నవ్వుతూ. ఎవరూ నవ్వకపోవడం చూసి మా ముఖాల వైపు చూసింది. ఆవిడ పాఠాలు చెప్పే మనిషి. రెండోసారి అడగాల్సిన పని లేకపోయింది.

"ఇక్కడి కాలేజీలోనే చేరతాను నానమ్మా," అంది అమ్మాయి. "ముందే చెప్పాల్సింది. ఫోన్‌లో చెప్పలేకపోయాను."

"గదికి రంగు వేయించాను," అంది ఆవిడ. "నీకు పచ్చరంగు ఇష్టమని."

 అమ్మాయి వెళ్ళి ఆవిడ భుజం మీద తల ఆనించింది. ఆవిడ దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. కాసేపయ్యాక పిల్ల వీపు మీద చెయ్యి వేసి, "సరేలే. సెలవులకి ఆ గదిలోనే ఉండాలి. వేరే ఎవరికీ ఇవ్వను," అంది.

మర్నాడు బస్సుకి టైముండగానే ఆవిడ కిందికి దిగొచ్చి షాపులో కుర్చీ వేసుకు కూర్చుంది. నేను మిషను తొక్కుతున్నాను. అమ్మాయి తన మూలలో ఏదో గీసుకుంటోంది. ఆవిడ నా కుట్టు వంకే చూస్తూ కూర్చుని, చివరికి అంది. "నిన్నటి నుంచీ నన్నేమని పిలవాలో తెలీక తెగ తంటాలు పడుతున్నావు. మీ ఆవిడ అత్తయ్యా అంటుంది కదా, నువ్వూ అలాగే అను. అదేం ఒకరి సొత్తు కాదు."

"అలాగే అత్తయ్యా," అన్నాను. నోరు బాగానే తిరిగింది.

"చలికాలానికి నాకో కోటు కావాలి. కుడతావా?"

నేను లేచి టేపు అందుకున్నాను. ఆవిడ లేచి నిలబడి, ఫొటో దిగుతున్నట్టు ఊపిరి బిగబట్టింది. నేను కొలతలు చెబుతుంటే అమ్మాయి రాసుకుంటోంది. "నానమ్మా, పొట్ట లోపలికి లాక్కోకు. ఆ కొలతకి కుడితే నువ్వు జన్మలో ఊపిరి పీల్చలేవు," అంది రాస్తూనే. ఆవిడ ఉఫ్‌మని గాలి వదిలేసింది. ముగ్గురం నవ్వేశాం.

"ట్రయల్‌కి రావాలా?" అంది ఆవిడ చేతులు దించుతూ.

అలాంటి కోటు నా చేతికి ఒక్క ట్రయల్ కూడా అక్కర్లేని పని. అమ్మాయి రాయడం ఆపి తలెత్తింది.

"రెండుసార్లయినా రావాలి అత్తయ్యా," అన్నాను. "భుజాల దగ్గర కొంచెం చూసుకుంటూ చెయ్యాలి."

"నా భుజాలకేం వచ్చింది?" అని ఆవిడ అద్దంలో తన్ను తాను చూసుకుంది. తర్వాత అద్దంలోంచే నన్ను చూసింది. ఆపైన అమ్మాయిని చూసింది. "సరే, వస్తాను. తొందరపడి కుట్టెయ్యకు మరి. నిదానంగానే కానియ్."